లెవెల్ 4 అని ఉంటే ఇంటర్‌తో సమానమేనా? ఐటీఐ, స్కిల్ సర్టిఫికెట్, డిగ్రీల లెక్క

కొత్తపేట నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వారి అబ్బాయి పదో తరగతి పాసై ప్రభుత్వ ఐటీఐలో రెండేళ్ల ఫిట్టర్ ట్రేడ్ పూర్తిచేశాడు. మేనకోడలు పదో తరగతి తర్వాత ఒక శిక్షణ కేంద్రంలో కొన్ని నెలలు చదివి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. రెండు కాగితాల మీదా ‘ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) లెవెల్ 4’ అని ఉంది. ఇంటర్మీడియట్ కూడా లెవెల్ 4 కిందికే వస్తుందని ఎవరో చెప్పారట. అయితే ఇద్దరూ ఇంటర్ పాసైనట్టేనా, అబ్బాయిని డిగ్రీలో, అమ్మాయిని నర్సింగులో నేరుగా చేర్చవచ్చా అని వారి సందేహం.

సూటిగా చెబుతాను: ఇద్దరూ ఇంటర్ పాసైనట్టు కాదు. అంకె ఒకటే, అర్హత ఒకటి కాదు. మీ అబ్బాయికి డిగ్రీ కంటే దగ్గరి దారి ఉంది. అది పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరం. డిగ్రీయే కావాలంటే ముందు ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ స్థాయి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మీ మేనకోడలికి ఆ సర్టిఫికెట్‌తో ఆసుపత్రిలో సహాయకురాలిగా ఉద్యోగం రావచ్చు గానీ నర్సింగు సీటు రాదు. నర్సింగుకు ఇంటర్ చదవాల్సిందే.

గోదావరి జిల్లాల ఐటీఐలలో శిక్షణాధికారిగా పనిచేసి రిటైరయ్యాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర నుంచి ఆగస్టు దాకా తల్లిదండ్రులు అడిగేవాటిలో సగం ఇలాంటివే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ అంకె సంగతి. మన దేశంలో చదువులన్నీ ఒక చూరు కింద లేవు. బడి చదువు బోర్డులది. డిగ్రీలు ఇచ్చే హక్కు 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలది. ఇంజినీరింగ్, డిప్లొమాల పర్యవేక్షణ ఏఐసీటీఈది, అంటే అఖిల భారత సాంకేతిక విద్యామండలిది. ఐటీఐలు 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం కింద నడుస్తాయి. ఇప్పుడు వాటి బాధ్యత కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖలోని డీజీటీది. నర్సింగు, ఫార్మసీ, వైద్యం వంటి వాటికి వేర్వేరు కౌన్సిళ్లు ఉన్నాయి. ఇవి కాక మూడు నెలల, ఆరు నెలల నైపుణ్య కోర్సులు రంగానికొక స్కిల్ కౌన్సిల్ చేతుల్లో ఉన్నాయి. ఒకరి కాగితం విలువ ఇంకొకరికి తెలియని పరిస్థితి. వీటన్నిటినీ ఒకే కొలబద్ద మీద చూపించడానికి 2013 డిసెంబరు 27న కేంద్రం జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని నోటిఫై చేసింది. ఎన్‌ఎస్‌క్యూఎఫ్ అంటే అదే. అప్పట్లో అందులో పది మెట్లు ఉండేవి. 2023లో సవరించి ఎనిమిది చేశారు, మధ్యలో అర మెట్లు కూడా పెట్టారు. అదే ఏడాది వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం బడి నుంచి పీహెచ్‌డీ దాకా అన్నిటినీ ఆ మెట్ల మీదే సర్దింది. పదో తరగతి 3, ఇంటర్ 4, డిగ్రీ మొదటి సంవత్సరం 4.5, రెండో ఏడు 5, మూడో ఏడు 5.5, పీహెచ్‌డీ 8.

మీకు ఎవరో చెప్పిన మాట ఇక్కడి వరకు నిజమే. తిరకాసు దీని తర్వాత వస్తుంది.

లెవెల్ చెప్పేది కష్టం ఎంత అని. ఎంత చదివారో చెప్పేది క్రెడిట్లు. కాగితం మీద లెవెల్ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది గనుక అందరూ దాన్నే పట్టుకుంటారు. ఆ పనిలో ఎంత జ్ఞానం కావాలి, ఎంత నైపుణ్యం కావాలి, ఎంత బాధ్యత సొంతంగా మోయాలి అనేవి చూసి లెవెల్ నిర్ణయిస్తారు. చదువు నెల రోజులదా, రెండేళ్లదా అన్న ప్రశ్న అందులో లేదు. దానికి క్రెడిట్ల లెక్క ఉంది. 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. మీ అబ్బాయి ఐటీఐలో రెండేళ్లు చదివాడు. ఈ లెక్కన దాదాపు 80 క్రెడిట్ల చదువు. మూడు నాలుగు వందల గంటల కోర్సు ఏదైనా పది, పదమూడు క్రెడిట్ల దగ్గర ఆగిపోతుంది. లెవెల్ రెండింటికీ 4 కావచ్చు. మీ మేనకోడలు నేర్చుకున్నది తక్కువదని నేను అనడం లేదు. మంచం మీద ఉన్న రోగిని పక్కకు తిప్పడం, నాడి, రక్తపోటు చూసి రాసిపెట్టడం చేతకాని వారి వల్ల ఎంత ప్రమాదమో ఆసుపత్రిలో ఉన్నవారికి తెలుసు. కానీ అది ఒక ఉద్యోగానికి సరిపడా చదువు. ఇంటర్‌లో రెండేళ్లు చదివే భాషలు, సైన్సు అందులో లేవు.

ఇక రెండో సంగతి, నా దృష్టిలో అసలైనది. మన డెల్టాలో వ్యవసాయం తెలిసిన వారికి ఇది చెప్పడం తేలిక. రెండు చేలు ఒకే మట్టంలో ఉన్నాయనుకోండి. అంతమాత్రాన ఈ చేలోని నీరు ఆ చేలోకి పోదు. మధ్య గట్టుకు తూము ఉండాలి, దాన్ని తీసే అధికారం ఉన్నవారు తీయాలి. ఎన్‌ఎస్‌క్యూఎఫ్ చేసింది మట్టం కొలిచి రాళ్లు పాతడం. తూములు పెట్టే పని చేర్చుకునే సంస్థలది. ఎవరు ఏ సర్టిఫికెట్‌ను అంగీకరిస్తారో వారి ప్రవేశ నిబంధనలో, ఉద్యోగ ప్రకటనలో రాసి ఉంటుంది. అక్కడ మీ సర్టిఫికెట్ పేరు లేకపోతే, దాని మీద లెవెల్ 4 ఉన్నా 6 ఉన్నా దరఖాస్తు వెనక్కి వస్తుంది.

ఎందుకు ఇలా అని అడుగుతారు. విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది. కేంద్రం చట్రం గీయగలదు. కానీ ఇంటర్‌కు ఏది సమానమో చెప్పాల్సింది బోర్డు, డిగ్రీ సీటుకు ఏ అర్హత చాలునో చెప్పాల్సింది విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యామండలి. నర్సుగా ఎవరిని నమోదు చేయాలో చెప్పాల్సింది నర్సింగ్ కౌన్సిల్. వీరెవరూ లెవెల్ అంకెకు కట్టుబడి పనిచేయడం లేదు. 2013 నోటిఫికేషన్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ నియమాలను కూడా లెవెళ్ల రూపంలోకి మార్చాలని రాసుకున్నారు. ఈనాటికీ రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ప్రకటన చూస్తే పదో తరగతి, దానితోపాటు ఫలానా ట్రేడుల్లో ఐటీఐ అనే ఉంటుంది. లెవెల్ ఇంత ఉండాలని ఉండదు. మన జిల్లాల్లో చాలామంది పిల్లలు ఆశపడే సచివాలయ ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులకూ అంతే. ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడ్ ఐటీఐ అయినా, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు అయినా చాలునని పేర్లతో సహా రాశారు. ఆ రెండింటికీ తూము ఉంది. ఫిట్టర్‌కు లేదు, మట్టం ఒకటే అయినా.

అంకె మీద ఇంకొక చిక్కు. మీ ఊళ్లోనే కొన్నేళ్ల క్రితం ఫిట్టర్ పాసైనవారి కాగితం చూడండి, దాని మీద లెవెల్ 5 ఉండవచ్చు. 2022లో సిలబస్ సవరించినప్పుడు ఫిట్టర్‌ను లెవెల్ 4గా చూపించారు. మా రోజుల్లో 5, ఇప్పుడు 4, ట్రేడ్ విలువ తగ్గించారు అని బాధపడిన వారిని చూశాను. ఏమీ తగ్గలేదు. ట్రేడ్ పేరు, కాలం, పరీక్ష అవే. కొలబద్ద మీద గీతలు జరిగాయి. రెండు వేర్వేరు సంవత్సరాల కాగితాలను లెవెల్‌తో పోల్చకండి.

ఇప్పుడు మీ అబ్బాయి విషయం.

మొదటి దారి డిప్లొమా. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు సంబంధిత బ్రాంచిలో డిప్లొమా రెండో సంవత్సరంలో చేరడానికి అర్హులు. ఫిట్టర్‌కు మెకానికల్ సరిపోతుంది. మన రాష్ట్రంలో ఇందుకోసం ఐటీఐ బ్రిడ్జి కోర్సు ఉంది. పాలిటెక్నిక్ మొదటి ఏడాదిలో మిస్సయిన గణితం, సైన్సు వంటివి అందులో చెప్పి పరీక్ష పెడతారు. మార్కుల నిబంధన, గడువు, ఏ పాలిటెక్నిక్‌లో నిర్వహిస్తారనేది ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. లేదా దగ్గరి ప్రభుత్వ ఐటీఐలో అడగండి, తప్పక చెబుతారు. డిప్లొమా పాసయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. లెక్క వేయండి. ఐటీఐ రెండు, డిప్లొమా రెండు, బీటెక్ మూడు, పదో తరగతి తర్వాత మొత్తం ఏడేళ్లు. ఇంటర్ మీదుగా వెళ్లినవారికి ఆరేళ్లు. ఒక్క ఏడాది తేడాతో చేతిలో ట్రేడ్ కూడా ఉంటుంది. మధ్యలో ఎక్కడ ఆగినా ఉద్యోగానికి పనికొచ్చే కాగితం ఉంటుంది. ఇంత మంచి దారి ఉందని తెలియక ఐటీఐ అంటే చదువు రానివారి చోటు అని చిన్నచూపు చూసేవారితో నాకు ఎప్పుడూ గొడవే.

అయితే ఒక మాట దాచకూడదు. ఐటీఐ నుంచి వెళ్లిన పిల్లలు డిప్లొమాలో తడబడేది వర్క్‌షాపులో కాదు. అక్కడ వారే మిగతావారికి నేర్పుతారు. ఫైల్ పట్టుకోవడం, వెర్నియర్ చదవడం వారికి నీళ్లు తాగినంత సులువు. తడబడేది గణితంలో. ఐటీఐలో వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ చదువుతారు. భిన్నాలు, ఘనపరిమాణాలు, కోతవేగం లెక్కలు అందులో ఉంటాయి. డిప్లొమాలో అవకలనం, సమాకలనం వస్తాయి. పైగా తెలుగులో విన్న పాఠం స్థానంలో ఇంగ్లీషు పుస్తకం వస్తుంది. పాలకొల్లు వైపు నుంచి వచ్చి ఎలక్ట్రీషియన్ చదివిన ఒక అమ్మాయి ఐటీఐ ఫలితాలు వచ్చేలోపే ఇంటర్ గణితం పుస్తకాలు తెచ్చుకుని ఇంటి దగ్గర మాస్టారి వద్ద కూర్చుంది. బ్రిడ్జి కోర్సులో, ఆ తర్వాత డిప్లొమాలో ఆమెకు ఎక్కడా ఇబ్బంది కలగలేదు. ఈసెట్ రాసి ఇప్పుడు బీటెక్ చదువుతోంది. ఆమెతోపాటు చేరి, చేరాక చూసుకుందాంలే అనుకున్నవారు మొదటి పరీక్షల తర్వాత కళాశాలకు రావడం తగ్గించేశారు. మీ అబ్బాయికి సెలవులు ఉంటే ఆ పని ఇప్పుడే చేయించండి.

రెండో దారి ఇంటర్ సర్టిఫికెట్ సంపాదించి డిగ్రీకి వెళ్లడం. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, 2016లో ఐటీఐ శిక్షణ శాఖతో ఒప్పందం చేసుకుంది. ఐటీఐ చదువుకు క్రెడిట్ ఇచ్చి, భాషా పేపరుతో సహా మిగిలిన పేపర్లు రాస్తే సీనియర్ సెకండరీ సర్టిఫికెట్ ఇస్తారు. ఎనిమిదో తరగతి తర్వాత ఐటీఐ చేసినవారికి పదో తరగతి స్థాయి సర్టిఫికెట్ ఇదే పద్ధతిలో వస్తుంది. ఒకసారి నమోదైతే ఐదేళ్ల వరకు చెల్లుతుంది, పేపర్లు విడతలవారీగా రాసుకోవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి ఇది పెద్ద వెసులుబాటు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్‌లోనూ ఇంటర్ ఉంది. ఏ డిగ్రీ చదవాలో ముందు అనుకుని దానికి కావలసిన సబ్జెక్టులు తీసుకోవాలి. గణితం, భౌతికశాస్త్రం లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకుని తర్వాత బీఎస్సీ కావాలంటే మళ్లీ మొదటికి వస్తుంది.

నన్నడిగితే ఫిట్టర్ చేసిన అబ్బాయికి బీఏ, బీకాం డిగ్రీ కోసం రెండో దారి పట్టించను. గ్రూప్స్ పరీక్షలు రాయాలన్న పట్టుదల ఉంటే అది వేరు. అప్పుడు ఏదో ఒక డిగ్రీ కావాలి కాబట్టి ఓపెన్ స్కూల్, ఆపై దూరవిద్య సరిపోతాయి.

మూడోది చాలామంది లెక్కలోకే తీసుకోరు. అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టం కింద కర్మాగారంలో శిక్షణ పొంది, చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. జీతం కాదు గానీ నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. రాజమండ్రిలో కాగితపు మిల్లు, ఓఎన్‌జీసీ, కాకినాడలో ఎరువుల కర్మాగారం, ఓడరేవు ఉన్న ప్రాంతం మనది. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో అబ్బాయి పేరు నమోదు చేసి పెట్టండి. మండపేట వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి ఐటీఐలో మార్కులు అంతంతమాత్రమే. అప్రెంటిస్‌షిప్‌లో పెద్ద పంపులు విప్పి బిగించడం నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూల్లో అతన్ని మార్కులు అడిగినవారు తక్కువ, పంపుల గురించి అడిగినవారు ఎక్కువ. ఇదే దారిలో ఇంకొంచెం ముందుకెళ్లి సీఐటీఎస్ అనే ఏడాది బోధకుల కోర్సు చేస్తే ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగాలకు అర్హత వస్తుంది. బోధించడం ఇష్టమైన పిల్లలకు నేను మొదట చెప్పేది అదే.

మీ మేనకోడలి సంగతికి వస్తాను. నర్సు అన్నది కౌన్సిల్‌లో పేరు నమోదైన వారికే దక్కే హోదా. ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం అనే నర్సింగు కోర్సులు రెండింటికీ ఇంటర్ స్థాయి కావాలి. బీఎస్సీ నర్సింగుకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో ఇంటర్ కావాలి, అంటే బైపీసీ. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ ఈ మూడింటిలో దేనికీ మెట్టు కాదు. కొన్ని శిక్షణ కేంద్రాల వారు కోర్సులో చేర్చుకునేటప్పుడు ‘నర్సింగు అసిస్టెంట్, తర్వాత నర్సు అయిపోవచ్చు’ అని నోటిమాటగా చెప్పి పంపిస్తున్నారు. ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే రాసివ్వరు. ఆమె వయసు చిన్నదే కాబట్టి రెగ్యులర్ జూనియర్ కళాశాలలో బైపీసీలో చేర్చండి. ఇంటర్ ఒకేషనల్‌లో కూడా ఆరోగ్య రంగపు కోర్సులు ఉన్నాయి. ఆ దారిలో వెళ్లేటట్లయితే కోర్సు అయ్యాక కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎలా, బీఎస్సీకి వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు పేపర్లు ఏవి రాయాలి అని చేరకముందే కళాశాలలో అడగండి. ఇప్పటికే తెచ్చుకున్న సర్టిఫికెట్ వృథా అనుకోవద్దు. సెలవుల్లో ఏ నర్సింగ్ హోములోనో పనిచేస్తే ఈ వృత్తి తనకు పడుతుందో లేదో ఆమెకే తెలిసిపోతుంది. చాలామంది లక్షలు కట్టి చేరాక తెలుసుకునే విషయం అది.

ఇదే సందర్భంలో తరచూ వచ్చే మరికొన్ని ప్రశ్నలకూ చెప్పేస్తాను.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద ఏళ్ల తరబడి పనిచేసినవారు, తమకు చదువు లేదు గానీ పని అంతా వచ్చు, సర్టిఫికెట్ ఇస్తారా అని అడుగుతారు. ఇస్తారు. ముందే వచ్చిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువీకరించే పద్ధతి ఉంది, దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. పరీక్షకుడు వచ్చి చేసిన పని చూస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు. మేత ఎంత వేయాలో చెక్‌ట్రే చూసి చెప్పగలవాడికి ఆ పరీక్ష కష్టమేమీ కాదు. కంపెనీ ఉద్యోగంలో చేరేటప్పుడు అది చేతిలో ఉండడం మంచిదే. కానీ దాంతో ఫిషరీస్ కోర్సులో సీటు అడగలేరు.

వ్యవసాయ పాలిటెక్నిక్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తూము ఎంత ఇరుగ్గా ఉంటుందో దానిలో బాగా కనిపిస్తుంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు వెళ్లవచ్చు. ఉద్యాన డిప్లొమా చేసినవారికి హార్టిసెట్ ఉంది. వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం మన పక్కనే. అగ్రిసెట్ వ్యవసాయ డిప్లొమాల వారికి, హార్టిసెట్ ఉద్యాన డిప్లొమా వారికి. కడియం నర్సరీల్లో పుట్టి పెరిగి, అంట్లు కట్టడంలో ఆరితేరి, తోటమాలి కోర్సు సర్టిఫికెట్ పట్టుకున్న కుర్రవాడికి హార్టిసెట్ రాసే అర్హత లేదు. నాకు ఇది నచ్చదు, కానీ నిబంధన అదే.

డిగ్రీలో కొత్త పద్ధతి వల్ల ఒక గందరగోళం మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం డిగ్రీలో ఏడాది చదివి ఆపితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. బీఎస్సీ రెండేళ్లు చదివి మానేసి వచ్చిన డిప్లొమాతో జూనియర్ ఇంజినీర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తానని ఒకాయన నన్ను అడిగాడు. అక్కడ కావలసింది ఇంజినీరింగ్ డిప్లొమా. పేరు కలిసినా పనికిరాదు.

గల్ఫ్ సంగతి కోనసీమలో అడగనివారు ఉండరు. మన లెవెల్ అంకెను అక్కడి యజమాని పట్టించుకోడు. వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అయితే ట్రేడ్ టెస్ట్ పెట్టి చేయించి చూస్తారు. సౌదీ అరేబియా కొన్ని ట్రేడ్‌లకు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి పాసైనవారినే తీసుకుంటోంది. ఐటీఐ సర్టిఫికెట్‌కు మాత్రం ధ్రువీకరణ ముద్రలు అవసరం పడతాయి కాబట్టి ఒరిజినల్ జాగ్రత్త. ఇక పదో తరగతి పాసైన కాగితం విలువ ఇక్కడ ఇంకో రకంగా తెలుస్తుంది. అది ఉంటే పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమన్న ముద్ర ఉండదు. లేకపోతే గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇంట్లో పదో తరగతి మధ్యలో ఆపిన వారుంటే ఓపెన్ స్కూల్ ద్వారా ముందు అది పూర్తి చేయించండి.

మూడు నెలల్లో ఇంటర్, ఒకే సిటింగులో డిగ్రీ అనే వారి జోలికి వెళ్లకండి. రాజోలు ప్రాంతపు కుర్రవాడు ఒకడు ఇంటర్ తప్పి, డబ్బు కట్టి, ఎక్కడో ఉత్తరాదిలో ఉన్నట్టు చెప్పే ఒక బోర్డు సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. దాంతో డిగ్రీలో చేరాడు కూడా. సర్టిఫికెట్ల తనిఖీలో ఆ బోర్డుకు గుర్తింపు లేదని తేలి అడ్మిషన్ రద్దయింది. డబ్బు పోతే పోయింది, రెండేళ్లు పోయాయి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. నైపుణ్య కోర్సు అయితే జాతీయ అర్హతల రిజిస్టర్‌లో దాని పేరు, కోడ్, లెవెల్, గంటలు ఉంటాయి. ఈ కోర్సులకు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలకు గుర్తింపు ఇచ్చేది ఎన్‌సీవీఈటీ, అంటే జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి. 2018లో నోటిఫై అయి 2020 నుంచి పనిచేస్తోంది. రిజిస్టర్‌లో లేని కోర్సుకు జాతీయ గుర్తింపు ఉందని ఎవరు చెప్పినా నమ్మనక్కరలేదు. ఐటీఐలో చేరేవారు ఆ ట్రేడ్‌కు, ఆ బ్యాచ్‌కు జాతీయ స్థాయి ఎన్‌సీవీటీ గుర్తింపు ఉందా, రాష్ట్ర స్థాయి ఎస్‌సీవీటీయేనా అని కూడా చూసుకోవాలి. కొన్ని ఉద్యోగ ప్రకటనలు రెండింటినీ ఒప్పుకుంటాయి, కొన్ని మొదటిదాన్నే అడుగుతాయి.

చివరిగా పేర్ల సంగతి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మా ఆఫీసుకు వచ్చిన ఫిర్యాదుల్లో దీనివే ఎక్కువ. ఇప్పుడు క్రెడిట్లన్నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో, సర్టిఫికెట్లు డిజీలాకర్‌లో జమవుతున్నాయి. అవి విద్యార్థి ఖాతాలోకి చేరాలంటే అన్ని చోట్లా పేరు, పుట్టిన తేదీ ఒకటే కావాలి. అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న పిల్లలు మన దగ్గర వీధికి ఇద్దరుంటారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరుతో సహా వీర వెంకట సత్యనారాయణ అని నిండుగా ఉంటుంది. ఆధార్‌లో వి.వి. సత్యనారాయణ. ఐటీఐ పోర్టల్‌లో ఉత్త సత్యనారాయణ. కంప్యూటర్‌కు వీరు ముగ్గురు వేర్వేరు మనుషులు. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి తగ్గట్టు మార్పించండి. సర్టిఫికెట్ అచ్చయ్యాక మార్పించడం కంటే ఆధార్ మార్పించడమే తేలిక.

మీ అబ్బాయి బ్రిడ్జి కోర్సుకు దరఖాస్తు పెట్టేటప్పుడు పదో తరగతి మెమో, రెండు సంవత్సరాల ఐటీఐ మార్కుల జాబితా, ఎన్‌టీసీ (ఐటీఐ పాసైనవారికి ఇచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్), టీసీ, స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు, అవసరమైతే కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచండి. ఎన్‌టీసీ చేతికి రావడం ఆలస్యమైతే ఆన్‌లైన్ ప్రతితో తీసుకుంటారేమో పాలిటెక్నిక్ కార్యాలయంలో అడగండి. ఐటీఐలో అతని మార్కుల శాతం ఎంతో, పదో తరగతిలో గణితం ఎలా చేశాడో ఇక్కడ రాస్తే, డిప్లొమా వైపు ఇప్పుడే పంపాలా, ముందు అప్రెంటిస్‌షిప్ చేయించాలా అన్నది చెబుతాను.